చివరి కోత మిరపలో పచ్చికాయ, దోరకాయ: ఉత్తర తెలంగాణకు తగిన సిఫారసు అవసరం

ఫిబ్రవరి దాటిన తరువాత మంథని, చెన్నూరు ప్రాంతాల్లోని మిరప కల్లాల్లో ఒకే టార్పాలిన్ పట్టాపై మూడు రంగుల కాయలు కనిపిస్తాయి: నిండుగా ఎర్రబడిన పండుకాయలు, సగం రంగు తిరిగిన దోరకాయలు, ఇంకా రంగు తిరగని పచ్చికాయలు. పది పన్నెండు రోజుల ఎండ తరువాత అదే పట్టాపై రెండే రంగులు మిగులుతాయి. ఒకటి ఎరుపు, రెండవది వెలిసిన తెలుపు. ఆ తెల్లకాయకు మార్కెట్టులో ఉన్న పేరు ‘తాలు’. వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు చేరిన బస్తాలో తాలు ఎక్కువగా కనిపిస్తే దానిని వేరుచేసి తక్కువ ధర కట్టడమే కాక, బస్తా మొత్తానికీ ధర తగ్గించడం వ్యాపార రీతి. ఈ నష్టానికి పంట ముగింపు దశలో అందరికీ తెలిసిన సమాధానం ఒకటే: ‘చివరి కోత ఇంతే’.

చివరి కోత అంతగా నష్టపోవలసిన అవసరం లేదు. పచ్చికాయను ఎర్రకాయ కాలేకపోయిన కాయగా చూడటమే ఈ నష్టానికి మూలం. ఏ కాయ కోసిన తరువాత పండగలదో, ఏ కాయ పండలేదో కోత నాడే నిర్ణయించి, పండగలిగిన దానికి నీడను, పండలేని దానికి వేరే వినియోగాన్ని చూపించే సిఫారసు ఉత్తర తెలంగాణ రైతుకు అవసరం. ఆ సిఫారసు నెలను బట్టి, ఉష్ణోగ్రతను బట్టి మారవలసి ఉంటుంది.

నాలుగు దశలు, రెండు ధరలు

మిరప కాయ ఎదుగుదలను తెలుగు రైతు నాలుగు మాటల్లో చెబుతాడు: పిందె, పచ్చికాయ, దోరకాయ, పండుకాయ. శాస్త్రపరంగానూ ఈ విభజన సరియైనదే. పూత పూసిన నాటి నుండి సుమారు 30 – 35 రోజులకు కాయ పూర్తి పరిమాణానికి చేరి, గింజ గట్టిపడి, ముదురు పచ్చికాయ అవుతుంది. అటుపై పత్రహరితం విచ్ఛిన్నమై, కాప్సాంథిన్, కాప్సోరుబిన్ అనే ఎరుపు వర్ణకాలు ఏర్పడటం మొదలవుతుంది. ఇది దోర దశ. రకాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి సుమారు 45 – 55 రోజులకు కాయ పూర్తిగా పండుతుంది. కారానికి కారణమైన కాప్సైసిన్ మాత్రం గింజలు అంటుకొని ఉండే తెల్లని పొరలో ఏర్పడుతుంది. దాని పరిమాణం రంగుపై ఆధారపడదు. కాబట్టి ముదురు పచ్చికాయ రంగులో వెనుకబడినదే తప్ప కారంలో వెనుకబడినది కాదు.

రైతు నోట నాలుగు దశలున్నా ఎండుమిర్చి మార్కెట్టులో రెండే ధరలున్నాయి: ఎరుపు ధర, తాలు ధర. ఎండుమిర్చి విలువలో రంగుకు ఎంత ప్రాధాన్యమున్నదో 2025లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిరపను చూస్తే తెలుస్తుంది. కారం తక్కువైనా నిండు ఎరుపు వలననే ఆ కాయకు గిరాకీ. అటువంటి మార్కెట్టుకు నాలుగు దశల కాయలను ఒకే బస్తాలో పంపడం నష్టాన్ని కోరి తెచ్చుకోవడమే.

పండుట వేరు, ఎండుట వేరు

కల్లంలో జరిగే ప్రధానమైన పొరపాటు, పండే ప్రక్రియను ఎండే ప్రక్రియతో కలిపివేయడం. కాయలో ఎరుపు వర్ణకం తయారు కావాలంటే కణాలు సజీవంగా ఉండాలి, శ్వాసక్రియ సాగాలి, ఎంజైములు పనిచేయాలి. కోసిన పచ్చికాయను నేరుగా ఎండలో పరిచినప్పుడు కణాలు రంగును తయారుచేయకముందే నీటిని కోల్పోయి చనిపోతాయి. ఉన్న పత్రహరితం ఎండకు వెలిసిపోతుంది, దాని స్థానంలో రావలసిన ఎరుపు రాదు. తాలు అనగా ఇదే. ఎండ కాయకు రంగునిస్తుందన్న నమ్మకం సరికాదు. చెట్టు మీద ఉన్నంతకాలం వేరు నీరందిస్తుంది, ఆకు నీడనిస్తుంది, అందుచేత మార్చి ఎండలోనూ కాయ ఎర్రబడుతుంది. కోసి కల్లంలో పరిచిన కాయకు ఆ రెండూ ఉండవు.

మిరప టమాటా వంటిది కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కోసిన పచ్చి టమాటా ఇథిలీన్ ప్రభావంతో తేలికగా పండుతుంది. మిరపలో అధిక శాతం రకాలు కోసిన తరువాత ఇథిలీన్‌కు అంతగా స్పందించవు. అందుచేత మామిడికి వాడే ఇథిలీన్ గదులు మిరపకు పరిష్కారం కాజాలవు. పచ్చికాయల మధ్య అరటిపండు ఉంచే గృహచిట్కాకు కూడా ఇదే పరిమితి వర్తిస్తుంది. కాల్షియం కార్బైడ్ విషయంలో చర్చకు తావు లేదు, పండ్లను మాగబెట్టడానికి దాని వాడకం ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషిద్ధం. కొన్ని దేశాల్లో కోతకు ముందు ఎథెఫాన్ పిచికారీ చేసి కాయలను ఒకేసారి ఎర్రబరిచే పద్ధతి ఉన్నది. అయితే ఆమోదిత లేబుల్‌లో మిరప పేరు ఉన్నదని నిర్ధారించుకోకుండా ఆ మందును రైతుకు సూచించడం విస్తరణ ధర్మం కాదు.

స్థూలంగా చెప్పాలంటే, రంగు తిరగడం మొదలైన కాయ మాత్రమే కోసిన తరువాత సంతృప్తికరంగా పండుతుంది. ముదురు పచ్చికాయల్లో కొన్ని కొంతమేర రంగు తిరగవచ్చు, వాటిపై ఆధారపడరాదు. పిందె ఎన్నటికీ పండదు.

ఉష్ణోగ్రతే అసలు చిక్కు

మిరప సాగు కరపత్రాల్లో తరచుగా కనిపించే సూచన ఒకటున్నది: కోసిన కాయలను ఎండలో పరిచే ముందు రెండు మూడు రోజులు గది లోపల కుప్పగా ఉంచితే దోరకాయలు కూడా పండి, సరుకంతా ఒకే రంగుకు వస్తుంది. ఇందుకు అనుకూలమైన ఉష్ణోగ్రత 22 – 25 డిగ్రీలు. నేరుగా ఎండ తగిలితే తెల్లమచ్చలు ఏర్పడతాయి. ఈ సూచన శాస్త్రీయమైనది, ఖర్చు లేనిది. దానితో వచ్చిన చిక్కల్లా అందులో నెల పేరు లేకపోవడమే.

డిసెంబరు చివరి నుండి ఫిబ్రవరి మధ్య వరకు కరీంనగర్ పరిసరాల్లో ఇంటి లోపలి ఉష్ణోగ్రత ఈ సూచనకు చాలావరకు సరిపోతుంది. ఆదిలాబాద్‌లో పరిస్థితి కొంత భిన్నం. అక్కడ చలికాలపు కొన్ని రాత్రులు 10 డిగ్రీల కంటే దిగువకు పోతాయి. పచ్చి మిరపకాయ సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ చలిని తట్టుకోలేదు, గుంటలు పడి మెత్తబడుతుంది. కాబట్టి ఆ రాత్రులలో కుప్పపై గోనె పట్టాలు కప్పి లోపలి వెచ్చదనాన్ని నిలపాలి.

మార్చి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. జగిత్యాల, రామగుండం, మంచిర్యాల ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత 36 – 40 డిగ్రీలకు చేరుతుంది. రేకుల కప్పు కింద అది ఇంకా ఎక్కువ. కుప్పలోని కాయలు శ్వాసించేటప్పుడు విడుదలయ్యే వేడి దీనికి తోడవుతుంది. 30 డిగ్రీలు దాటిన కొద్దీ కోసిన కాయలో ఎరుపు వర్ణకం ఏర్పడటం మందగిస్తుంది, నీరు త్వరగా పోతుంది, కాయకుళ్ళు కలిగించే కొల్లెటోట్రైకమ్ ఒక కాయ నుండి మరొక కాయకు పాకుతుంది. జనవరిలో రైతుకు మేలు చేసిన సిఫారసే మార్చిలో కుళ్ళును పంచిపెడుతుంది. పంట చివరి కోత వచ్చేది సరిగ్గా ఈ రెండవ కాలంలోనే. అవసరం ఎక్కువగా ఉన్న సమయంలోనే సిఫారసు పనిచేయకపోవడం ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య.

హంగేరీలోని సెగెడ్, కలోచా ప్రాంతాల్లో పాప్రికా కాయలను దండలుగా గుచ్చి వారాల తరబడి వేలాడదీసి రంగు పెంచే సంప్రదాయం ఉన్నది. అది అక్కడ చల్లని శరదృతువులో జరిగే పని. అదే దండను ఏప్రిల్‌లో పెద్దపల్లిలో వేలాడదీస్తే కాయ పండకముందే ఎండిపోతుంది. చలి దేశాల్లో పంటను ముగించేది మంచు, ఉత్తర తెలంగాణలో ముగించేది వేడి, నీటి కొరత. అందుచేత అక్కడి పరిష్కారాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేము.

లెక్క ఏమి చెబుతున్నది?

ముదురు పచ్చికాయలో 85 శాతం తేమ ఉన్నదనుకుంటే 100 కిలోల కాయలో ఘనపదార్థం 15 కిలోలు. దానిని 10 శాతం తేమకు ఎండబెడితే మిగిలేది సుమారు 17 కిలోలు. అనగా ఆరు కిలోల పచ్చికాయ ఒక కిలో తాలు అవుతుంది. తాలు ధర కిలో 60 రూపాయలని ఊహిస్తే, కల్లంలో పరిచిన కిలో పచ్చికాయ విలువ 10 రూపాయలు మాత్రమే. ఎండబెట్టే కూలి, పట్టా, కాపలా ఖర్చులు తీసివేస్తే అదీ మిగలదు. దీని నుండి రైతుకు చెప్పదగిన సులభ సూత్రం ఒకటి వస్తుంది: రవాణా ఖర్చులు పోగా పచ్చిమిర్చికి దొరికే ధర తాలు ధరలో ఆరో వంతును మించితే ఆ కాయను ఎండబెట్టరాదు.

దోరకాయ లెక్క వేరు. దానిలో 75 శాతం తేమ ఉన్నదనుకుంటే 100 కిలోలకు సుమారు 28 కిలోల ఎండుకాయ వస్తుంది. ఎరుపు ధర కిలో 120, తాలు ధర 60 రూపాయలని ఊహించినచో, పండిన తరువాత ఎండబెట్టిన సరుకు సుమారు 3,350 రూపాయలు, నేరుగా ఎండబెట్టి తాలు ధరకు పోయిన సరుకు అందులో సగం పలుకుతుంది. ఈ తేడా రెండు మూడు రోజుల నీడకు వచ్చే ప్రతిఫలం. ధరలు ఏటా మారతాయి, నిష్పత్తులు మాత్రం ప్రతి రైతూ తన సరుకుతో స్వయంగా సరిచూసుకోదగినవి. మార్కెట్టు ధరను మాత్రమే చెప్పి ఊరుకునే సలహా కంటే ఈ లెక్కను రైతు చేతికిచ్చే సలహా ఎక్కువ మేలు చేస్తుంది.

పచ్చికాయ దారులు

పచ్చికాయను ఎర్రబరచడానికి అడ్డుపడే మార్చి ఎండే, దానిని నిల్వ సరుకుగా మార్చడానికి అనుకూలం. చల్ల మిరపకాయలు ఇందుకు ఉత్తమ ఉదాహరణ. గట్టిగా, కండగా ఉన్న ముదురు పచ్చికాయలను కడిగి, నిలువుగా గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్లటి మజ్జిగలో ఊరవేసి, పగలు ఎండలో ఆరబెట్టి, రాత్రి తిరిగి మజ్జిగలో వేసి, మజ్జిగ ఇంకిపోయేవరకు కొన్ని రోజులు ఇలా చేసి, చివరికి గలగలలాడేంతగా ఎండబెడతారు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇది ప్రతి ఇంటికీ తెలిసిన విద్య. ఇందులో కాయ తెల్లబడటం లోపం కాదు, సరుకు లక్షణమే. కల్లంలో తాలు అనిపించుకునే రంగు ఇక్కడ ధరను తగ్గించదు.

రెండవది, ఉప్పు, పులుపులతో నిల్వ చేసే పచ్చిమిర్చి తొక్కు. ఆదిలాబాద్ ప్రాంతంలో జొన్నరొట్టెకు తోడుగా పచ్చిమిర్చి కారం నిత్యావసరం. ఇంటి వాడకానికి తెలిసిన ఈ పదార్థాన్ని అమ్మకానికి తయారుచేసేటప్పుడు మాత్రం ఆమ్లత విషయంలో జాగ్రత్త అవసరం. ఉదజని సూచిక 4.6 కంటే తక్కువగా ఉండేటట్లు చింతపండు, నిమ్మరసం లేదా వెనిగర్ పాళ్ళను స్థిరపరచాలి. ఈ పని మహిళా సంఘాలకు శిక్షణగా ఇవ్వదగినది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం స్వయం సహాయక బృందాలకు మూలధన సహాయం కల్పించింది.

మూడవది, తాజా పచ్చిమిర్చిగా అమ్మకం. సుమారు 7 – 10 డిగ్రీల వద్ద, అధిక తేమలో ఉంచితే పచ్చికాయ రెండు మూడు వారాలు నిలుస్తుంది. అటువంటి సౌకర్యం లేని చోట ఉదయపు కోత, అదే రోజు సంతకు చేర్చడం ఒక్కటే మార్గం. మెక్సికోలో హలపెన్యో కాయ పచ్చిగా ఒక సరుకు, పండించి పొగబెడితే చిపోట్లే అనే మరొక సరుకు. రెండింటికీ వేర్వేరు పేర్లు, వేర్వేరు వినియోగాలు ఉన్నాయి. ఒకే కాయ రెండు దశల్లో రెండు పంటలని అక్కడి వాడుక అంగీకరించింది. విటమిన్ సి విషయంలోనూ తాజా మిరప విలువ తక్కువది కాదు. ఆ విటమిన్‌పై చేసిన కృషికి గాను 1937లో నోబెల్ బహుమతి పొందిన సెంట్ గ్యోర్గీ దానిని సమృద్ధిగా వేరుచేసినది సెగెడ్‌లో దొరికిన తాజా పాప్రికా నుండే. ఎండబెట్టేటప్పుడు అందులో అధిక భాగం నశిస్తుంది.

ఈ మూడు దారులకూ ఒక కఠినమైన షరతు ఉన్నది. ఎండుమిర్చి కోసం పెంచిన చేనులో చివరి వరకు పురుగుమందులు పడుతుంటాయి. 2021 చివర తెలుగు రాష్ట్రాల మిరపను దెబ్బతీసిన నల్ల తామరపురుగు తరువాత పిచికారీల ఒత్తిడి మరింత పెరిగింది. మందు లేబుల్‌పై పేర్కొన్న నిరీక్షణ కాలం పూర్తికాని చేను నుండి పచ్చికాయను వంటింటికి గాని, సంఘానికి గాని పంపరాదు. పచ్చికాయ వినియోగాన్ని సిఫారసు చేసే ప్రతి శాస్త్రవేత్త ముందుగా చివరి పిచికారీ తేదీని అడగాలి.

ఏరివేత ఎవరి చేతిలో?

కోతలోనే వేరుచేయాలన్న సూచనకు రైతు చెప్పే అభ్యంతరం కూలి ఖర్చు. ఇది తేలికగా కొట్టివేయదగినది కాదు. మిరప కోత ప్రధానంగా మహిళా కూలీల పని. కిలోకు ఇంత అని కూలి ముట్టే చోట చేతికందిన కాయనల్లా తెంపడం సహజం. పైగా పచ్చికాయలో నీరెక్కువ కనుక అది బరువు తూగుతుంది. అనగా కూలి పద్ధతే పచ్చికాయను తెంపమని ప్రోత్సహిస్తున్నది. ఆ పద్ధతిని మార్చకుండా కూలీలకు జాగ్రత్తలు చెప్పడం వలన ప్రయోజనం లేదు, న్యాయమూ కాదు. చివరి కోతలకు రోజు కూలి చెల్లించి, ఒక్కొక్కరికి రెండు గంపలు ఇచ్చి, పండుకాయ ఒకదానిలో, దోరకాయ మరొకదానిలో వేయించి, పచ్చికాయను చెట్టుకే వదిలి చివరన ఒకేసారి దులిపించడం ఆచరణ సాధ్యమైన మార్గం. కల్లంలో ఎండిన తరువాత తాలు ఏరించడానికి ఎలాగూ కూలి పెడుతున్న రైతుకు ఇది పూర్తిగా అదనపు ఖర్చు కాదు, అదే ఖర్చును ముందుకు జరపడం.

మరొక అభ్యంతరం శాస్త్రవేత్తల వైపు నుండి వస్తుంది. పచ్చికాయ కోసం చేనును ఏప్రిల్ వరకు నిలిపితే తామరపురుగు, తెల్లదోమ, వాటితో వచ్చే ఆకుముడత తదుపరి పంటకు చేరతాయి. ఇది సత్యం. అందుచేత చేనును పొడిగించడం పరిష్కారం కాదు, ముగింపును ముందుగా లెక్కవేయడమే పరిష్కారం. కాయ పండడానికి 45 – 55 రోజులు కావాలి కనుక మార్చి మధ్యలో ఎర్రకాయ కోత ముగించదలచిన రైతుకు జనవరి చివరి వారం తరువాత వచ్చిన పూత ఎర్రకాయనివ్వదు. అప్పటి నుండి నత్రజని ఆపి, ఉన్న నీటిని ఉన్న కాయ పండడానికే వాడాలి. ఆ తరువాత నిలిచిన కాయను మొదటి నుండే పచ్చికాయ పంటగా పరిగణించి, ఒకేసారి దులిపి, మొక్కలను పీకి నాశనం చేయాలి.

పరిశోధన కేంద్రాల ముందున్న పని

ఈ ప్రాంతంలో పత్తి, వరి, మొక్కజొన్న, సోయా, పసుపులతో పోలిస్తే మిరప విస్తీర్ణం తక్కువ. ఖమ్మం, వరంగల్ అవసరాల మేరకు రూపొందిన సూచనలే ఇక్కడికీ చేరుతున్నాయి. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, ఆదిలాబాద్, బెల్లంపల్లి, జమ్మికుంట, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రాలు కలిసి ఒకే సీజనులో తేల్చదగిన ప్రశ్నలు మూడున్నాయి.

మొదటిది, ఇక్కడ సాగులో ఉన్న రకాలు, సంకరాలలో ఏ దశలో కోసిన కాయ ఎన్ని రోజులకు, ఎంత శాతం ఎర్రబడుతుంది? జనవరి, ఫిబ్రవరి, మార్చి కోతలను విడివిడిగా నమోదు చేస్తే నెలవారీ సిఫారసు సిద్ధమవుతుంది. రెండవది, మార్చిలో దోరకాయకు చల్లని చోటు ఎలా కల్పించాలి? 1980వ దశకంలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన, విద్యుత్తు అవసరం లేని ఇటుక–ఇసుక శీతల గది పొడి వాతావరణంలో బయటి కంటే 10 – 15 డిగ్రీల చల్లదనాన్నిస్తుంది. ఉత్తర తెలంగాణ మార్చి గాలి పొడిగానే ఉంటుంది. అయితే ఆ గదిలో తేమ 90 శాతానికి చేరుతుంది కనుక కాయకుళ్ళు పెరిగే ప్రమాదాన్ని, గాలి ప్రసరణ అవసరాన్ని పరీక్షించిన తరువాతే సిఫారసు చేయాలి. మూడవది, చివరి కోత పచ్చికాయలో మందుల అవశేషాలు ఏ మేరకు ఉన్నాయి? దీనికి సమాధానం లేకుండా చల్ల మిరపకాయలను గాని, తొక్కును గాని సంఘాల ఉత్పత్తిగా ప్రోత్సహించడం తొందరపాటు అవుతుంది.

ఇవి పెద్ద నిధులు కోరే పరిశోధనలు కావు. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో పల్లెల్లో గడిపే విద్యార్థులు ఒక తక్కెడ, ఒక ఉష్ణమాపకం, రెండు గంపలతో మొదటి ప్రశ్నకు కావలసిన సమాచారాన్ని సేకరించగలరు. ఆ సమాచారం చేతికి వచ్చేలోపు కూడా రైతుకు చెప్పదగినది ఉన్నది: పండుకాయను ఎండకు, దోరకాయను చలికాలమంతా నీడకు, ముదురు పచ్చికాయను మజ్జిగకు లేదా సంతకు పంపాలి, పిందెను, తెగులు సోకిన కాయను మొక్కతో పాటు తొలగించాలి. ఈ నాలుగు మాటలు తెలుగు రైతుకు కొత్తవి కావు. వాటికి తగిన నాలుగు దారులను కల్లం దాకా చేర్చడమే విస్తరణ విభాగం బాధ్యత.